గిరీశాన్ని కాసేపు పక్కన పెట్టండి

ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే ఆచారం మీద గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం నాటకం గురించి ఎక్కడ మాట మొదలైనా రెండు నిమిషాల్లో గిరీశం దగ్గరికి చేరిపోతుంది. ఆయన చుట్టలు, ఆయన ఇంగ్లీషు, చివర్లో కథ అడ్డం తిరిగిందని ఆయన విసుక్కోవడం, అంతటితో చర్చ అయిపోయినట్టే. కుదించిన ప్రదర్శనలు కూడా చాలావరకు ఇలాగే ఉంటున్నాయి. గంటన్నరలో ముగించాలంటే ముందు కోత పడేది ఇంటి ఆడవాళ్ళ సన్నివేశాలకి, నౌకర్లకి, పోలీసులకి. మిగిలేది గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం, వేశ్య మధురవాణి ఇంట్లో మంచం కింద దూరే హాస్యం. జనం కడుపారా నవ్వుతారు, చప్పట్లు కొడతారు, కానీ అక్కడ ఒక చిన్నపిల్లని ముసలివాడికి అమ్మడానికి బేరం కుదిరిందన్న సంగతి హాలు దాటేసరికి ఎవరికీ గుర్తుండదు. ఈ విషయంలో నాకు బాధ ఉంది, కోపం కూడా ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నాకు అర్థమైనంతవరకు ఆ నాటకం ఒకే ప్రశ్న మీద నడుస్తుంది. ఎవరి మాట ఎవరి దగ్గర చెల్లుతుంది? అందులో దాదాపు ప్రతి పాత్ర చేతిలోనూ ఏదో ఒక బలం ఉంది. ఆ బలం ఒకచోట కొండని పిండి చేస్తుంది, ఇంకోచోట పూచికపుల్లని కూడా కదపలేదు. ఎక్కడ పనిచేయదో సరిగ్గా అక్కడికే గురజాడ ఆ పాత్రని తీసుకెళ్ళి నిలబెడతారు.

అగ్నిహోత్రావధానులునే తీసుకోండి. స్టేజీ మీద ఈయన్ని ఎప్పుడూ అరిచే ముసలి కోపిష్టిగా చూపించి నవ్విస్తారు. అసలు ఆ ఇంట్లో ఆయనది తిరుగులేని అధికారం. చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇస్తానని నోటితో అంటే చాలు, అయిపోయింది. బావమరిది కరటక శాస్త్రి వాదించాడు, ఏమీ కాలేదు. పెద్దకూతురు బుచ్చమ్మని ఇలాగే ముసలివాడికి కట్టబెడితే ఆమె వితంతువై ఇంట్లోనే కళ్ళెదుట తిరుగుతోంది, అదీ ఆయన్ని కదిలించలేదు. చివరికి భార్య వెంకమ్మ నూతిలో దూకింది. ఆయన అప్పటికీ మనసు మార్చుకోలేదు! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ ఇంట్లో ఒక తల్లి తన మాట చెల్లించుకోవడానికి చేయగలిగింది ఒక్కటే, తన ప్రాణాన్ని పణంగా పెట్టడం. అది కూడా చెల్లలేదు. ఈ ఘట్టం చూసి హాల్లో ఎవరైనా నవ్వుతున్నారంటే తప్పు ప్రేక్షకులది మాత్రం కాదు, దర్శకుడు ఆ అధికారం ఎంత భయంకరమైందో చూపించలేకపోయాడన్నమాట.

అదే అవధానులు గుమ్మం దాటితే ఎంత చిన్నవాడైపోతాడో చూడండి. ఆయనకి దావాల పిచ్చి. కోర్టు కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆయనకి ఇంగ్లీషు రాదు. భార్య కన్నీళ్ళకి లొంగని మనిషి, కోర్టు వ్యవహారాలు చక్కబెట్టిపెడతానని గిరీశం కాస్త ఆశ చూపించగానే మెత్తబడిపోతాడు. తండ్రిగా ఉన్న అధికారం కోర్టు ముందు ఎందుకూ కొరగాదని ఆయనకి తెలుసు. ఆ భయమే గిరీశాన్ని ఇంట్లోకి రానిచ్చింది.

ఇక గిరీశం ఇంగ్లీషు. ఇది చదువు వల్ల వచ్చిన బలం అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. వెంకమ్మ తన కొడుకు వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని ముచ్చటపడినప్పుడు గురువూ శిష్యుడూ కలిసి ఏం మాట్లాడారు? పొంతనలేని ముక్కలు, చిన్నపిల్లల పద్యం. ఆ తల్లి మురిసిపోయింది. అంటే ఆ బలం గిరీశం బుర్రలో లేదు, ఎదుటివాళ్ళకి తెలియకపోవడంలో ఉంది. ఎదుటివాళ్ళు నమ్మినంతసేపే అది నిలబడుతుంది. పూటకూళ్ళమ్మ దగ్గర ఈ విద్య పారదు. ఆమె కూడా వితంతువే, కానీ నలుగురికి అన్నం పెట్టి సంపాదించుకుంటున్న మనిషి, పైగా గిరీశం ఆమెకి డబ్బు బాకీ. ఆమె చీపురు పట్టుకుని వస్తే ఇంగ్లీషు, లెక్చర్లు, సంస్కరణ అన్నీ మంచం కిందికి దూరాల్సిందే. బుచ్చమ్మ, పూటకూళ్ళమ్మ ఇద్దరినీ ఒకే మనిషి మోసం చేశాడు. ఒకామె అతని వెంట వెళ్ళిపోయింది, ఒకామె చీపురు తీసింది. తేడా ఎక్కడుంది? ఒకామెకి సొంత సంపాదన ఉంది. నాకు ఈ నాటకంలో ఇష్టమైన పోలికల్లో ఇది ఒకటి, కానీ దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

బుచ్చమ్మ గురించి ఇంకో మాట. ఆమె ఇల్లు వదిలి వెళ్ళడాన్ని ప్రేమకథలాగా చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెల్లెలి పెళ్ళి తప్పాలంటే ఇదే దారి అని గిరీశం ఆమెని నమ్మిస్తాడు. ఆమెకి చెల్లెలి మీద ఉన్న ప్రేమని పట్టుకుని లాగాడు. తన జీవితంలో ఆమె సొంతంగా తీసుకున్న ఒకే ఒక్క పెద్ద నిర్ణయం, అది కూడా వేరేవాళ్ళ అబద్ధం మీద నిలబడి ఉంది.

లుబ్ధావధాన్లు దగ్గర డబ్బుంది. పెళ్ళికూతుర్ని కొనగలడు. కానీ కొన్నది ఎవరిని? సుబ్బి పెళ్ళి తప్పించడానికి కరటక శాస్త్రి ఆడపిల్ల వేషం వేయించిన తన శిష్యుణ్ణి. డబ్బు పెట్టి మనిషిని కొనుక్కోవచ్చనుకున్నవాడికి గురజాడ వేసిన శిక్ష అది. ఆ తర్వాత పెళ్ళికూతురు మాయమైతే దయ్యాలకి భయపడతాడు, పోలీసులకి భయపడతాడు, ఖూనీ కేసులో ఇరుక్కుంటాడు. రామప్పంతులుది ఇంకో రకం, కాగితాల బలం. దొంగ సాక్ష్యాలు, తగాదాలు పెట్టడం, తీర్చడం, మధ్యలో తినడం. ఊళ్ళో అందరూ పంతులికి జంకుతారు, మధురవాణి మాత్రం తన కంటె నగ తెచ్చేదాకా ఆయనకి ఊపిరాడనివ్వదు.

అన్నిటికన్నా పదునైన ఘట్టం మాత్రం మాటల్లో దొర్లిపోయే ఒక చిన్న ముచ్చట. గిరీశం ఒక బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి గంటలకొద్దీ లెక్చరిస్తాడు. వాడు అంతా ఓపిగ్గా విని, మా ఊరి హెడ్డు కనిస్టీబుని వాళ్ళు ఎప్పుడు బదిలీ చేయిస్తారు అని అడుగుతాడు. దీన్ని బండివాడి అమాయకత్వం మీద జోకు అనుకుంటారు. నాకు మాత్రం నాటకం మొత్తంలో రాజకీయం బాగా తెలిసినవాడు వాడే అనిపిస్తుంది. తన బతుకు మీద రోజూ స్వారీ చేసే అధికారం ఎవరి రూపంలో ఉందో వాడికి కచ్చితంగా తెలుసు. ఎంత పెద్ద మార్పు వచ్చినా ఆ కానిస్టేబుల్ అక్కడే ఉంటే తనకి ఒరిగేదేమిటి? నాటకం ముందుకు సాగాక శవం కూడా లేకుండా ఖూనీ కేసు లేచినప్పుడు ఆ బండివాడి ప్రశ్న ఎంత సరైందో తెలుస్తుంది.

మధురవాణి దగ్గరికి వస్తాను. అందరూ ఆమెని తెలివికి, అందానికి మెచ్చుకుంటారు, తెలివి నిజమే. కానీ ఆమె బలం ముఖ్యంగా సమాచారంలో ఉంది. పెద్దమనుషులందరూ ఆమె ఇంటికి వస్తారు, బయట చెప్పలేనివన్నీ అక్కడ చెప్పుకుంటారు. ఎవరు ఎవరికి బాకీ, ఎవరు ఏ కాగితం పుట్టించారు, మాయపెళ్ళి వెనక ఎవరున్నారు, అన్నీ ఆమెకి తెలుసు. లుబ్ధావధాన్లుని కేసు నుంచి బయటపడేసే కీలకం కూడా ఆమె చేతిలోనే ఉంది. లా చదివిన సౌజన్యారావు పంతులు తలపట్టుకున్న చోట ఆమె ఒక్క మాటతో ముడి విప్పగలదు. 1897లో అచ్చయిన మొదటి కూర్పుని గురజాడ 1909 నాటికి బాగా పెంచి తిరగరాశారు, ఆ రెండో కూర్పులోనే మధురవాణి ఇంత మనిషి అయింది. ఆ పన్నెండేళ్ళలో ఆయన ఆలోచన ఎటు వెళ్ళిందో ఈ ఒక్క పాత్రని చూస్తే తెలుస్తుంది.

అయినా ఆమె సౌజన్యారావు ఇంటికి మగవేషం వేసుకునే వెళ్ళాలి. నాటకంలో అందరికన్నా తెలివైన మనిషి, అందరి గుట్టూ చేతిలో ఉన్న మనిషి, తన సొంత రూపంలో ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకంటే ఆ పంతులుగారు వేశ్యల ముఖం చూడనన్న నియమం ఉన్న మనిషి. ఆయన మంచివాడు, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఆయన మంచితనం కూడా ఒక అధికారమే. ఎవరు గౌరవానికి తగినవాళ్ళో, ఎవరు తగరో తేల్చే అధికారం. మధురవాణి ముద్దు అడిగి, ఆయన ఇరుకున పడి చివరికి సిద్ధమయ్యాక తనే వద్దని ఆపుతుంది. చెడనివాళ్ళని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట ఆమెకి ఉంది. ఆ క్షణంలో పైచేయి పూర్తిగా ఆమెది, దాన్ని వాడుకోకుండా వదిలేయాలన్న నిర్ణయం కూడా ఆమెదే. ఈ సీనుని శృంగార హాస్యంగా ఆడించేవాళ్ళని చూస్తే నాకు ఏం చెప్పాలో తెలియదు. బుచ్చమ్మకి పూనా వితంతు శరణాలయం దారి చూపిస్తారు. మధురవాణి అందరినీ గట్టెక్కించింది కదా, మరి ఆమెకి ఏ దారి చూపించారు? ఆ ప్రశ్న అడిగే ప్రదర్శన నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇంతమంది బలాబలాల మధ్య సుబ్బి ఎక్కడుంది? ఆమె పెళ్ళి కుదరడం వల్లే నాటకం కదిలింది, దాన్ని ఆపడానికే పన్నాగాలన్నీ. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లని అడిగినవాళ్ళు లేరు. ఆమెని కాపాడాలనుకున్నవాళ్ళు కూడా అడగలేదు. ఇది ఊహించి రాసిన కథ అనుకునేవాళ్ళు మొదటి కూర్పు పీఠిక చదవండి. విజయనగరం ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో తీయించిన లెక్క అందులో ఉంది. మూడేళ్ళలో 1034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. మాటలు కూడా రాని పిల్లలు! 1892లో విజయనగరంలో ఈ నాటకాన్ని మొదటిసారి ఆడినప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళకి ఇవి పక్కింటి సంగతులు.

అందుకే నాటక సమాజాలవాళ్ళకి నా విన్నపం. కుదించండి, తప్పదు, మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు. కానీ గిరీశం లెక్చర్లలో కొన్ని తగ్గించి పూటకూళ్ళమ్మని ఉంచండి, బండివాడి ముచ్చట ఉంచండి, మగవేషంలో వచ్చిన మధురవాణిని తొందరపెట్టకుండా పూర్తిగా మాట్లాడనివ్వండి. వెంకమ్మ వేషాన్ని ఎవరో ఒకరు దొరికితే చాలనుకోకుండా మీ బృందంలో అందరికన్నా బాగా నటించే ఆవిడకి ఇవ్వండి. నూతి సీనులో హాలు నవ్వితే, దయచేసి మర్నాడు మళ్ళీ రిహార్సల్ పెట్టుకోండి.