దుంపతో రుద్దితే కోట్లు రావు బాబూ

ఈ వారంలో ఇది ఆరోసారి. విజయనగరం చుట్టాల గ్రూపులో మొదలై, స్కూలు ఫ్రెండ్స్ గ్రూపంతా తిరిగి మళ్ళీ చుట్టాల దగ్గరికే వచ్చింది ఆ మెసేజ్.

‘మీ తాతగారింట్లో పళ్ళు, పూలు, చెంబు ఉన్న పాత ఆయిల్ పెయింటింగ్ ఉందా? మీరు కోటీశ్వరులే! పగుళ్ళుంటే వందేళ్ళ నాటిది. బంగాళాదుంప ముక్కతో రుద్దండి, మెరిస్తే ఒరిజినల్. మూల సంతకం ఉంటే కోట్లే. లండన్ వేలానికి మేమే పంపిస్తాం. రిజిస్ట్రేషన్ ఫీజు 4,999 మాత్రమే.’

సంతకం ఎవరైనా పెడతారు. మూడు లాంతర్ల దగ్గర సైన్‌బోర్డులు రాసే ఆయనా పెట్టేవాడు.

పగుళ్ళు వయసు చెప్పవు. కింది పొర ఆరకుండానే పై పొర వేసినా, ఎండ తగిలే గోడకి వేలాడదీసినా పదేళ్ళకే పగలొచ్చు. తెలిసినవాళ్ళు రంగులు చూస్తారు. టైటానియం తెలుపు బొమ్మల్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. అది వాడిన బొమ్మ 1880 నాటిదంటే ఎవరు నమ్ముతారు?

ఇక దుంప. దీనికే నాకు ఒళ్ళు మండేది. తడి తగిలితే పాతబడి మసకేసిన పూత ఏదైనా మెరుస్తుంది. వానకి తడిసిన పార్వతీపురం బస్సూ మెరుస్తుంది, దాన్నీ వేలానికి పంపుదామా? ఆ తడి పగుళ్ళలోంచి లోపలికి దిగుతుంది. చాలా పాత బొమ్మల్లో రంగు కింద జిగురు పూత ఉంటుంది. అది ఉబ్బితే రంగు పెచ్చులుగా లేస్తుంది. అంటుకుపోయిన పిండికి మన వానాకాలంలో బూజు పడుతుంది, వెనకే పురుగులు.

మా పిన్ని చేసింది అదే. డ్రాయింగు మాస్టారుగా చేసిన మా తాతయ్య వేసిన బొమ్మ అది, సువర్ణరేఖ మామిడిపళ్ళు, పక్కన ఇత్తడి మరచెంబు. ఎడమవైపు సగం రుద్దింది. మెరిసింది. ఫొటో పెడితే గ్రూపంతా చప్పట్లు. వినాయక చవితి నాటికి పళ్ళ మీద తెల్లగా బూజు. చెంబు మూతి దగ్గర రంగు రాలి గుడ్డ కనిపిస్తోంది.

మరి దేంతో తుడవాలి? మ్యూజియంలలో బొమ్మలు బాగుచేసేవాళ్ళు దూదిపుల్లని ఉమ్మితో తడిపి పైమురికి తీస్తారు. నిజం, ఉమ్మిలో మురికిని విడగొట్టే ఎంజైములుంటాయి. అదీ మూల ఆవగింజంత చోట పరీక్షించాకే. దండం పెడతాను, రేపు ‘ఉమ్మితో కోట్లు’ అని ఫార్వర్డ్ చేయకండి.

లండన్ సంగతి మరీ బాగుంది. వందేళ్ళు దాటిన బొమ్మ పురావస్తువు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. అంటే పగుళ్ళ పరీక్షలో పాసయితే లండన్‌కి ఫెయిలు! ఇక ఫీజు. పెద్ద వేలం సంస్థలు ఫొటో పంపితే ధర అంచనా ఊరికే చెబుతాయి, అమ్ముడయ్యాక కమిషన్ తీసుకుంటాయి. ఈ 4,999 ఎవరి జేబులోకో మీరే ఆలోచించండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పూల బొమ్మలకి కోట్లు వస్తాయి. డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన పొద్దుతిరుగుడు పూలు 1987లో లండన్ వేలంలో 2.475 కోట్ల పౌండ్లకి పోయాయి. అంతకన్నా విడ్డూరం, అమెరికాలో ఇండియానాలో ఒక ఫ్యాక్టరీ పనివాడు గోడకి పడిన కన్నం కనబడకుండా తగిలించుకున్న మాగ్నోలియా పూల బొమ్మ పేరున్న అమెరికన్ చిత్రకారుడు మార్టిన్ జాన్సన్ హీడ్ వేసిందని తేలింది. 1999లో హ్యూస్టన్ మ్యూజియం దాన్ని 12.5 లక్షల డాలర్లకి కొన్నది.

ఈ మాట పిన్నికి చెప్పకుండా ఉండాల్సింది. ‘మరైతే నేను రుద్దని సగం చూపిస్తే సగం ధరైనా రాదేటిరా?’ అని అడుగుతోంది.