బండి మీద బొమ్మ ఆడుతుందా?

టాటా ఏస్ మీద తెర, ప్రొజెక్టర్, రెండు స్పీకర్లు ఎక్కించుకుని చిత్తూరు వైపు పల్లెల్లో ఇండిపెండెంట్ షార్ట్ ఫిల్మ్‌లు వేస్తానంటుంది తిరుపతి అమ్మాయి ఒకతె. వద్దంటాడు ఆమె మేనమామ. వయసులో ఉన్నప్పుడు ఆయన టూరింగ్ టాకీసులో ఆపరేటర్. ఇద్దరూ నేను కల్పించిన మనుషులే. నేను కోడలి పక్షమని ముందే చెప్పేస్తున్నా. అయినా మామ నోరు కట్టేసి ఆమెను గెలిపించడం నాకిష్టం లేదు.

మామ: ముందు ఒక్కటి చెప్పమ్మాయ్. పల్లెలో ఫోన్ లేనోడు ఎవడున్నాడు? నీ షార్ట్ ఫిల్మ్‌లన్నీ యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతున్నాయి. ఊరికే దొరికేదాన్ని బండెక్కించి తీసుకుపోతే కొనేదెవరు?

కోడలు: దొరుకుతున్నాయి మామా, చూసేవాళ్లే లేరు. పన్నెండు నిమిషాల సినిమాలో మొదటి రెండు నిమిషాలు ఒక ముసలామె బియ్యం ఏరుతూ కూర్చుంటే ఫోన్లో ఎవడాగుతాడు? వేలితో పైకి నెట్టేస్తాడు. నలుగురి మధ్య కూర్చున్నోడు ఆగుతాడు. లేచిపోతే పక్కోడు ఏమనుకుంటాడోనని అయినా ఆగుతాడు.

మామ: సిగ్గుపెట్టి చూపిస్తావన్నమాట.

కోడలు: మొదట్లో కొంచెం సిగ్గు ఉన్నా పర్లేదు.

మామ: సరే, కాగితాల సంగతికి రా. యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ అక్కర్లేదు. అదే బొమ్మను జనం చేరే మైదానంలో వేస్తే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం వర్తిస్తుంది. సర్టిఫికెట్ లేని బొమ్మ ఆడించడం నేరం. మీ కుర్రాళ్లలో ఎంతమంది దగ్గరుంది ఆ కాగితం? మనవైపు తీసిన సినిమాలో ఎద్దో మేకో లేకుండా ఉండదు. రంగంపేట పశువుల పండగ మీద ఒకడు తీశాడనుకో, జంతు సంక్షేమ బోర్డు కాగితం కూడా తెమ్మంటారు. బొమ్మ ఆడే చోటికి లైసెన్సు వేరే, దానికి 1955 నాటి రాష్ట్ర చట్టం ఉంది. మైకుకి పోలీసు పర్మిషన్. రాత్రి పది దాటితే మైకు కట్టెయ్యాలి. ఎండాకాలంలో ఏడైతే గానీ చీకటి పడదు. నీ చేతిలో ఉండేది మూడు గంటలు. అందులో తెర కట్టేది, విప్పేది, కరెంటు పోయేది, జనరేటర్ లాగేది.

(ఈ దెబ్బ గట్టిదే. పల్లెల్లో షార్ట్ ఫిల్మ్‌లు వేద్దామని ఉత్సాహపడేవాళ్లలో చాలామంది చట్టం మాట వచ్చేసరికి ఫోన్ చూసుకుంటారు.)

కోడలు: సర్టిఫికెట్‌కు ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది, నిడివిని బట్టి ఫీజు. 2023లో చట్టం సవరించాక ఒకసారి వచ్చిన సర్టిఫికెట్‌కు గడువు అంటూ లేదు. అందుకే యాభై సినిమాలు పెట్టుకోను. పదింటితో మొదలుపెట్టి, ఆ పదింటికీ దగ్గరుండి కాగితాలు చేయిస్తా. ఆటకు గంటన్నర చాలు నాకు.

మామ: గంటన్నర కోసం ఎవరొస్తారే? మా రోజుల్లో ఘంటసాల పాట మైకులో పడిందంటే పక్క ఊళ్ల నుంచి కూడా చాపలు సంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు. ఉండేది ఒక్క ప్రొజెక్టర్. రీలు మారినప్పుడల్లా లైట్లు వేసేవాళ్లం. అయినా ఒక్కడు కదిలేవాడు కాదు. మమ్మల్ని చంపింది టీవీ. 1987లో రామాయణం మొదలయ్యాక డేరా ఖాళీ అయిపోయింది.

కోడలు: రామాయణం ఆదివారం పొద్దున వచ్చేది మామా. మీ ఆటలు రాత్రి కదా.

మామ: పొద్దునంతా బొమ్మ చూసినోళ్లు రాత్రి మళ్లీ ఎందుకొస్తారు?

కోడలు: అమ్మమ్మ వేరే చెప్పింది. ఆడవాళ్ల వైపు తాగినోళ్లు వచ్చి కూర్చునేవాళ్లట. ఒంటికి పోవాలంటే చీకట్లో కంపచెట్ల వెనక్కి పోవాలట. అడిగితే మీ ఓనరు నవ్వి ఊరుకున్నాడట. ఆడవాళ్లు మానేశారు, వాళ్లతో పాటు పిల్లలూ మానేశారు. టీవీ తర్వాత వచ్చింది.

మామ: మా అమ్మ ఆ మాట అనలేదు.

కోడలు: నీతో అనలేదు.

మామ: నేను ప్రొజెక్టర్ వదిలిపెట్టి ఎవడు తాగాడో చూడాలా? కార్బన్ కడ్డీలు ఎప్పటికప్పుడు సర్దకపోతే తెర మీద వెలుగు పడిపోతుంది, తెలుసా నీకు?

కోడలు: నిన్ననలేదు. ఓనర్ని అన్నాను.

మామ: ఆయన ఉప్పు తిన్నాను. ఆయన్నంటే నన్నన్నట్టే.

(షార్ట్ ఫిల్మ్‌ల మాట గాలికి పోయింది. ఆ ఓనరు మంచోడా కాదా అన్నది వీళ్లింట్లో ఎప్పటికీ తేలదు గనక ముందుకు పోదాం.)

కోడలు: పోనీలే, వదిలేద్దాం. నా ఆటలు బడి ఆవరణలోనే వేస్తా. బాత్రూముల తాళం తీసి పెడతామన్న ఊరికి మాత్రమే బండి వస్తుంది.

మామ: వచ్చి ఏం చూపిస్తుంది? మీవాళ్ల బొమ్మలు నేనూ చూశాను. సగం లవ్ ఫెయిలైనోడి ఏడుపు, మిగతా సగం తాగొద్దు, కట్నం తీసుకోవద్దు అని పాఠాలు. తీసేవాడికి అది ఒక విజిటింగ్ కార్డు, అంతే. తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్మ్‌ల నుంచి వచ్చి 2016లో పెళ్లిచూపులు తీశాడు, నేషనల్ అవార్డు వచ్చింది. ఇంక ప్రతివాడూ హైదరాబాద్ బస్సెక్కడానికే షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. వాడికి నీ పల్లెటూరి ప్రేక్షకుడితో ఏం పని?

కోడలు: ఏం పనీ లేదు, అందుకే వాడి సినిమా అలా ఉంది. వాడు మనసులో పెట్టుకున్న ప్రేక్షకుడు ఫిల్మ్‌నగర్‌లో ఏసీ గదిలో కూర్చున్న నిర్మాత. ఆ నిర్మాతకు నచ్చే షాట్లు, నచ్చే మ్యూజిక్, నచ్చే చావు. తిరుపతిలో తీసినా కొండ, గోపురం డ్రోన్‌తో చూపించి తర్వాత కథ ఇంకెక్కడో నడిపిస్తారు. 2025లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరితే మనం చూశాం కదా. కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు ఇస్తుందన్నారు. ఆ బారులో ట్రాక్టర్ కిందే పడుకున్న మనిషి మీద ఎవరైనా పదిహేను నిమిషాల బొమ్మ తీస్తే ఏ థియేటర్ వేస్తుంది? ఏ ఓటీటీ కొంటుంది? చూపించే చోటు ఒకటుందని తెలిస్తే ఎవడో ఒకడు తీస్తాడు. ఆట అయ్యాక లైట్లు వేస్తాను. తీసినోణ్ణి ముందు నిలబెడతాను. ‘కాయ అట్లా కోస్తారా నాయనా, నువ్వెప్పుడైనా తోటలోకి పోయినావా’ అని ఒక పెద్దాయన అడగాలి. ఆ మాట పడ్డవాడి రెండో సినిమా వేరేగా ఉంటుంది. కేరళలో ఇట్లాంటిది జరిగింది మామా. 1984లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఒడెస్సా అని ఒక సంఘం పెట్టి, జనం దగ్గర చందాలు వసూలు చేసి సినిమా తీసి, మళ్లీ ఊళ్లకే తీసుకుపోయి చూపించారు.

మామ: అది కేరళ. అక్కడ ఊరికో లైబ్రరీ. మనకు ఊరికో వైన్‌షాపు. అయినా ట్రాక్టర్ కింద పడుకున్నోడు, తను పడ్డదాన్నే మళ్లీ చూడ్డానికి టికెట్ కొంటాడా?

కోడలు: దుర్యోధనుడు చస్తాడని తెలియకనా మనవైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవానికి జనం వచ్చేది? పగలు హరికథ, రాత్రి నాటకం, అన్ని రోజులూ కూర్చుంటారు. చివరి రోజు మట్టి దుర్యోధనుడి చుట్టూ నిలబడటానికి చోటుండదు.

మామ: అది దేవుడి పని. పిల్లల్లేనోళ్లు మొక్కుకుని వస్తారు. నాటకమోళ్లకు బయానా ఇచ్చి పిలిపించేది ఊరు. నీ డైరెక్టర్‌కు ఎవరిస్తారు? ఇరవై రూపాయల టికెట్టు, వందమంది వస్తే రెండు వేలు. డీజిల్, జనరేటర్, కుర్రాడి కూలి తీసెయ్. వాడి చేతిలో ఏం పెడతావ్? చప్పట్లా?

కోడలు: టికెట్ మీద నడవదు, ఒప్పుకుంటా. నేనూ బయానానే అడుగుతా. ఊరు పిలిస్తేనే పోతా. అందులోంచి ముందు సినిమా తీసినోడికి, ఆ తర్వాతే డీజిల్‌కు. అందుకే జిల్లా అంతా తిరగను. అయిదూళ్లు పెట్టుకుని నెలనెలా అవే ఊళ్లకు పోతా. మొదటి నెల నవ్వుతారు, రెండో నెల సగం మందే వస్తారు. వచ్చిన సగం మంది ఈ రకం సినిమా చూడ్డం అలవాటు చేసుకుంటారు. ఒక్కసారి వేసి, ఫొటో దిగి, ఇంకో ఊరికి పోతే ఎవరికి లాభం?

మామ: అవే అయిదూళ్లా? ఇంక బండెందుకే? ఊరికో గోడకు సున్నం కొట్టించు. తెలుగు సినిమాకు ఆద్యుడు రఘుపతి వెంకయ్య అంతటాయనే బొమ్మలాడించే యంత్రం మోసుకుని దేశమంతా తిరిగి, చివరికి మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టుకున్నాడు.

కోడలు: కొట్టిస్తా. మంచిదే, తెర మోసే బరువు తగ్గుతుంది. ప్రొజెక్టర్ మాత్రం ఒక్కటే కదా, అది తిరగాల్సిందే.

మామ: రాత్రి పదకొండుకు భాకరాపేట ఘాట్‌లో తోలేదెవరు? నువ్వేనా?

కోడలు: ఘాట్ దాటే ఊరు ఒక్కటీ పెట్టుకోలేదు. పాకాల, పూతలపట్టు, ఐరాల, కాణిపాకం, బంగారుపాళెం వైపు పల్లెలే.

మామ: బంగారుపాళెం వైపు మామిడి సీజన్లో మాత్రం పోవాకు. ఇళ్లల్లో ఎవరూ ఉండరు, అందరూ మండీ దగ్గరే పడిగాపులు.

కోడలు: సీజన్లో మండీ దగ్గరే వేస్తా.