గేదెల నట్టల మందు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫెన్‌బెండజోల్ గారికి,

కోనసీమ లంకల్లోంచి రాసుకునే విన్నపం. మొన్నటిదాకా తమరి మకాం పశువుల మందుల కొట్లో. బిళ్ళ నలిపి బెల్లంలో పెడితే గేదె మూతి తిప్పేసేది. ఇద్దరం పట్టుకుని, దవడ పక్కనుంచి వెదురుగొట్టంతో పోసేవాళ్ళం. ఇప్పుడు ఊపిరితిత్తి క్యాన్సర్ వచ్చిన మా మావయ్యగారు తమర్ని దేవుడి గూట్లో పెట్టుకున్నారు. గేదెకన్నా నయం, ఎవరూ పట్టుకోనక్కర్లేదు, ఆయనే మింగేస్తున్నారు.

అంతా వాట్సాప్ మహిమ. తమర్ని మింగితే క్యాన్సర్ గడ్డకి చక్కెర అందక మాడిపోతుందని అందులో ఫార్వర్డు. అందులో ఉన్నదంతా అబద్ధమైతే మాకీ బాధే లేదు. క్యాన్సర్ కణానికి చక్కెరంటే ఆబ, నిజమే. ఆక్సిజన్ అందుతున్నా అది చక్కెరను పులియబెట్టుకుని బతుకుతుందని జర్మనీలో ఓటో వార్‌బర్గ్ 1920ల్లోనే చూశాడు. తమరు నట్టలకి చక్కెర అందకుండా చేసి చంపుతారు, అదీ నిజమే. గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాల మీదా తమరి ప్రతాపం చూశారు. కానీ తమరికి పేగులు దాటి రక్తంలోకి దిగడమంటే మహా బద్ధకం. నట్టల పనికి ఆ బద్ధకమే వరం కదండీ! మరి ఊపిరితిత్తిలో గడ్డ దాకా ఎప్పటికి చేరతారు? సొంతంగా తమర్ని మింగి లివరు పాడుచేసుకున్న రోగుల సంగతి మాత్రం వైద్య పత్రికల దాకా చేరింది. 2019లో దక్షిణ కొరియాలో జనం తమరికోసం ఎగబడితే, వద్దురా బాబూ అని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

పాత మందుకి కొత్త కొలువు దొరకదని కాదు. సాక్షాత్తు ఆర్సెనిక్ పాషాణాన్నే ఒక రకం రక్త క్యాన్సర్‌కి మందుగా 2000లో అమెరికా ఒప్పుకుంది. పరీక్ష రాసి పాసైంది మరి. మా ఊళ్ళల్లో ఇంటింటా ఉండే షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్‌ని చూడండి. కణం శక్తి పుట్టించుకునే చోటే అడ్డుపడుతుంది. కాగితం మీద తమరికన్నా గట్టి అభ్యర్థి. షుగర్ లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో కొందరికి అదీ, కొందరికి ఉత్తుత్తి బిళ్ళా ఐదేళ్ళపాటు ఇచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టడం తగ్గలేదని 2022లో తేలింది. తప్పింది, పాపం, తలెత్తుకునే తప్పింది. తమరో, హాల్‌టికెట్టే తీసుకోకుండా ఫస్టు ర్యాంకు ఫ్లెక్సీ కట్టించుకున్నారు.

తప్పంతా తమరిది కాదు లెండి. పేటెంటు తీరిన చవక బిళ్ళ మీద కోట్లు పోసి పరీక్ష పెట్టే కంపెనీ ఏదీ? ఆ ఖాళీలో మా బావమరిది ప్రొఫెసరైపోయాడు. కీమో తేదీ వాయిదా వేయించాడు, చక్కెరకేళీ మాన్పించాడు, పూతరేకు కనపడితే కేకలు. గడ్డ మాడుతుందట! మాడింది మావయ్యగారే, లుంగీ నడుం మీద నిలవడం లేదు. తిండి తగ్గితే ఒంట్లో కండ కరిగి చక్కెరవుతుందన్న ఫార్వర్డు వాడికింకా రాలేదు.

ఎవరైనా అసలైన పరీక్ష పెడితే వెళ్ళి బుద్ధిగా కూర్చోండి. ఈలోగా గూట్లోంచి దిగి మా దొడ్లోకి దయచేయండి.

ఇట్లు,
నాలుగు గేదెల ఆసామి

తా.క.: కొట్లో తమరు నిండుకున్నారట, మనుషులే పట్టుకెళ్ళిపోయారట. మా దూడకి పొట్ట ఉబ్బింది, బొచ్చు రేగింది. దానికి మనుషుల మందుల షాపులో ఏం అడగమంటారు?