ఎగిరే పళ్లాలకు ప్రవేశం లేదు

జీవోలు కాగితాల మీదే ఉంటాయి, అమలు కావు అని గొణిగేవాళ్లకు నేనొక ఊరు చూపిస్తాను. దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నది పక్కన, ద్రాక్షతోటల మధ్య ఉన్న షాతోనఫ్-దు-పాప్. 1954 అక్టోబర్ 25న ఆ ఊరి మేయర్ లూసియెన్ జున్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. సారాంశం ఇది: ఎగిరే పళ్లాలు గానీ, పొగచుట్టల్లా పొడుగ్గా ఉండే ఎగిరే చుట్టలు గానీ, అవి ఏ దేశానివైనా సరే, మా ఊరి పరిధిలో ఎగరకూడదు, దిగకూడదు, పైకి లేవకూడదు. దిగినదాన్ని దిగినట్టే బందెలదొడ్డికి తోలేస్తాం. అమలు బాధ్యత ఊరి కాపలాదార్లు ఇద్దరిది, ఎవరి పరిధి మేరకు వారిది.

డెబ్భై ఏళ్లు దాటింది. ఒక్క పళ్లెం దిగలేదు. ఒక్క చుట్ట వాలలేదు. మన దగ్గర నో పార్కింగ్ బోర్డుకే బండి ఆనించి వెళ్తారు. గ్రహాంతరవాసులకు మాత్రం ఫ్రెంచి చదవడం వచ్చు, చట్టమంటే భయమూ ఉంది.

ఆ ఉత్తర్వులో నన్ను ముగ్ధుణ్ణి చేసినవి 'ఏ దేశానివైనా సరే' అన్న మూడు మాటలు. ఎంత ముందుచూపు! ఆ మాటలు లేకపోతే రేపు అంగారకుడి నుంచి వచ్చినవాడు కోర్టుకెక్కి, 'ఇది రష్యావాళ్లకండీ, నాకు వర్తించదు' అని స్టే తెచ్చుకునేవాడు. 1954 శరదృతువులో ఫ్రాన్స్ అంతటా పళ్లాలు చూశామన్నవాళ్లే. మిగతా ఊళ్లు నోళ్లు తెరుచుకుని ఆకాశం చూస్తుంటే ఈ ఊరు కాగితం తీసింది. అదంతా ఊరికి పబ్లిసిటీ కోసం చేశారని తర్వాత ఆ మేయర్ గారి అబ్బాయే చెప్పాడు. నేను నమ్మను. తండ్రుల దూరదృష్టిని కొడుకులు ఎప్పుడు ఒప్పుకున్నారు గనక.

ఇంతకీ కాపాడుకోవలసినంత ఏముంది అక్కడ? ఊరి పేరుకు అర్థం 'పోపుగారి కొత్తకోట'. పోపంటే ఆవాలు, జీలకర్ర అనుకునేరు. 14వ శతాబ్దంలో పోపులు రోమ్ వదిలి పక్కనే అవిన్యోఁలో కాపురం పెట్టినప్పుడు, జాన్ 22 అనే పోపు వేసవి విడిదిగా ఇక్కడ కోట కట్టించాడు. అయితే ఇక్కడి వైన్‌లో మన పోపు కూడా లేకపోలేదు. పదమూడు రకాల ద్రాక్షలు కలపడానికి అనుమతుంది, పెద్దపీట గ్రెనాష్ అనే రకానికి. తోటలోకి దిగితే చాలాచోట్ల మట్టే కనిపించదు. బత్తాయంత, కొబ్బరికాయంత నున్నటి రాళ్లు, కాలు పెడితే మడమ మెలిపడేలా. పగలంతా ఎండ తాగి రాత్రి ఆ వేడిని తీగలకు వదులుతాయి. మనలా పందిళ్లు వేయరు. మిస్ట్రాల్ అనే ఉత్తరపు గాలి గంటకు వంద కిలోమీటర్లు దాటి వీచే చోట పందిరి ఎవరింటి పైన వాలుతుందో చెప్పలేం. అందుకే తీగను మోకాలెత్తు మోడుగా కత్తిరించి వదిలేస్తారు.

ఈ తోటలకు నియమాలు రాయించినవాడు బారన్ లెరువా. లాయరు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాడు. లావెండరూ థైమూ మొలిచే బీడు నేలలోనే ఈ పేరుతో ద్రాక్ష వేయాలి, కాయ చేత్తోనే కోయాలి, వైన్‌లో కనీసం 12.5 శాతం ఆల్కహాల్ ఉండాలి. 1936లో ప్రభుత్వం ముద్ర కూడా వేసింది. గట్టుకు ఒక్క గజం అవతల పండినా సీసా మీద ఆ పేరు వేయకూడదు. 'వైన్స్' అని బోర్డు పెట్టి వైన్ తప్ప అన్నీ అమ్ముకునే కొట్లకు అలవాటుపడిన నాకు ఈ పట్టింపు మొదట్లో కాస్త చాదస్తంగానే అనిపించింది.

ఇంత కట్టుదిట్టమైన ఊరికి అనుమతి అడక్కుండా వచ్చినవాళ్ల జాబితా మాత్రం చిన్నది కాదు. 1860లలో నదికి అవతలి ఒడ్డున, రోక్‌మోర్ చుట్టుపక్కల తోటలు కారణం తెలియకుండా ఎండిపోసాగాయి. 1868లో మోంపెలియే శాస్త్రవేత్త ప్లాంషోఁ బృందం వేళ్లు తవ్వి చూస్తే, కంటికి ఆనీ ఆననంత పసుప్పచ్చటి పేను. ఫిలాక్సెరా. అమెరికా నుంచి ముచ్చటపడి తెప్పించుకున్న ద్రాక్ష మొక్కలతోపాటు టికెట్ లేకుండా దిగింది. నది దాటింది, దేశమంతా తిరిగింది. చివరికి విరుగుడూ అమెరికాదే: అక్కడి మొండి వేళ్లకు ఫ్రెంచి తీగను అంటు కట్టడం. ఈ రోజుకీ ఫ్రెంచి ప్రతిష్ఠ నేల పైనుంచే మొదలవుతుంది, నేల కింద అమెరికాయే.

1944లో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం పోపుగారి కోట బురుజును పేల్చేసి పోయింది. మిగిలిన గోడ ముందు టూరిస్టులు ఫొటోలు దిగుతారు. పేనును ఆపిన ఉత్తర్వు లేదు, సైన్యాన్ని బందెలదొడ్డికి తోలిన తలారీ లేడు. రానివాడికి మాత్రం పక్కాగా రాసిపెట్టారు. కాలిఫోర్నియాలో ఒకాయన ఈ ఉత్తర్వు ముచ్చటేసి తన వైన్‌కు 'ఎగిరే చుట్ట' అని ఫ్రెంచిలోనే పేరు పెట్టుకుని, లేబుల్ మీద ఆ బొమ్మా వేసుకుని అమ్ముకున్నాడు. వేళ్లు ఇచ్చినవాళ్లు పేరు పట్టుకెళ్లారు, చెల్లుకు చెల్లు.

ఇప్పుడొచ్చిన చిక్కు ఎండ. లెరువా రోజుల్లో భయమంతా వైన్ పలచబడుతుందేమోనని. ఇప్పుడు 15 శాతం ఆల్కహాల్ ఉన్న సీసాలు మామూలైపోయాయి. సెప్టెంబర్‌లో నిదానంగా మొదలవ్వాల్సిన కోతలు ఆగస్టులోకి జారుతున్నాయి. కాయలో తీపి ముందే ఎక్కేస్తే, గింజ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంటోంది. వేడిని దాచిపెట్టే రాళ్లను ఒకప్పుడు వరమన్నారు, ఇప్పుడు వాటి వంక చూస్తూ తల గోక్కుంటున్నారు.

2016లో అప్పటి మేయర్‌ను అడిగారట, ఆ పాత ఉత్తర్వును రద్దు చేస్తారా అని. ముట్టుకోనన్నాడు. అంటే అది నేటికీ అమల్లో ఉంది. కాబట్టి ఆ ఊరి కాపలాదార్ల దృష్టికి సవినయంగా ఒక విషయం తెస్తున్నాను. గుండ్రంగా, మెరుస్తూ, ఏ దేశానిదో తేలని వస్తువొకటి రోజూ పొద్దున్నే వాఁతూ కొండ వైపు నుంచి లేచి, ఊరి పరిధిలోని తోటల మీదుగా తాపీగా ఎగురుతూ, సాయంత్రానికి నది అవతల దిగుతోంది. ఇంతవరకు దాని మీద ఒక్క కేసూ రాయలేదు.