రోపార్జ్ హెమోన్‌కు భాషాసేవ పేరిట మాఫీ ఎందుకు?

వాయవ్య ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు బ్రెటన్ భాషకు రచయిత, భాషావేత్త రోపార్జ్ హెమోన్ చేసిన సేవను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ సేవను చూపించి, రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ జర్మన్ ఆక్రమణలో ఉన్న కాలంలో ఆయన చేసిన పనులను చూసీచూడనట్టు వదిలేయమనే వాదన మాత్రం నాకు బొత్తిగా మింగుడుపడదు.

1900లో బ్రెస్ట్ రేవుపట్టణంలో పుట్టిన ఆయన అసలు పేరు లూయీ నెమో. వృత్తిరీత్యా ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. పెరిగింది ఫ్రెంచి మాట్లాడే ఇంట్లో, బ్రెటన్ పట్టుబట్టి నేర్చుకున్నది. బడిలో బ్రెటన్ మాట నోరు జారిన పిల్లవాడి మెడలో చెక్కచెప్పులాంటిదేదో వేలాడదీసి నలుగురిలో సిగ్గుపడేలా చేసిన ఆ రోజుల్లో, 1925లో ఆయన ‘గ్వాలార్న్’ పత్రిక మొదలుపెట్టి, రైతులూ జాలరులూ మాట్లాడుకునే భాషలోకి ప్రాచీన గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ నాటకాన్ని సైతం తేవచ్చని చూపించారు.

1940లో జర్మన్లు వచ్చారు. వారి అజమాయిషీలో బ్రిటనీలోని రెన్ నగరంలో నడిచిన రేడియోలో బ్రెటన్ ప్రసారాల బాధ్యత హెమోన్ తీసుకున్నారు, ‘అర్వోర్’ వారపత్రికను నడిపారు. పారిస్‌లోని ఫ్రెంచి ప్రభుత్వం ఏనాడూ ఇవ్వని మైకు దొరికితే భాష కోసం అందుకున్నారు, అందులో తప్పేముంది అంటారు అభిమానులు. ఆ మైకు ఇచ్చినవారికి బ్రెటన్ మీద ప్రేమ కారిపోతోందని వీరు నిజంగానే నమ్ముతున్నారా?

పోనీ, భాషకైనా మేలు జరిగిందా? రాసే పద్ధతి సంగతే చూడండి. లెయోన్, ట్రెగెర్, కెర్నె మాండలికాలవారు ‘బ్రెజోనెగ్’ అనే భాష పేరును వాన్ ప్రాంతంవారు ‘బ్రెహోనెగ్’ అంటారు. అందుకని 1941 ఏకీకృత వర్ణక్రమంలో జెడ్, హెచ్ రెండక్షరాలనూ పక్కపక్కన పెట్టి ఎవరి అలవాటు ప్రకారం వారు చదువుకునే వీలు కల్పించారు. ఉపాయం చక్కనిదే. కానీ అది పుట్టింది ఆక్రమణలో, వైస్‌గెర్బర్ అనే జర్మన్ పండితుడి ప్రోద్బలంతో. ఆ మరక కూడా ఒక కారణమై, 1955లో మతగురువూ ఆచార్యుడూ అయిన ఫాల్హున్ పేరుతో ముడిపడిన మరో వర్ణక్రమం వచ్చింది. అసలే పిల్లలకు అందకుండా పోతున్న భాషలో, పాఠం ఏ వర్ణక్రమంలో చెప్పాలన్నదే ఏళ్ల తరబడి తగవు అయి కూర్చుంది. రెన్‌లో ఎవరో రేడియోలో మాట్లాడినందుకు, ఏ పాపం ఎరుగని పల్లెజనం భాష జర్మన్లకు సహకరించినవారి భాషగా ముద్ర వేయించుకుంది.

యుద్ధానంతరం జైలుపాలై, పౌరహక్కులు పోగొట్టుకున్న హెమోన్ ఐర్లండుకు వెళ్లి, డబ్లిన్ ఉన్నత పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1978లో అక్కడే కన్నుమూశారు. బ్రెటన్ చారిత్రక నిఘంటువు, 1975లో ఆ సంస్థ ప్రచురించిన బ్రెటన్ చారిత్రక వ్యాకరణం నిస్సందేహంగా పెద్ద పనులు. వాటిని పక్కన పెట్టమనేవారితోనూ నాకు పేచీ ఉంది. పాత బ్రెటన్ గ్రంథాలు చదవాలనుకునే విద్యార్థికి ఆయన అవసరం తప్పదు.

బ్రెస్ట్ పక్కన దివాన్ ఉద్యమం నడిపే బ్రెటన్ మాధ్యమ పాఠశాలకు ఆయన పేరు పెట్టి, వివాదం ముదిరాక 2000 ప్రాంతంలో తీసేసినప్పుడు, భాషకు ద్రోహం జరిగిందని కొందరు గగ్గోలు పెట్టారు. నా దృష్టిలో అది ఆలస్యంగానైనా చేసిన సరైన పని. ఆ పిల్లలు ఆయన నిఘంటువును తరగతిలో తెరిచి చూసుకోవడానికి గేటు మీద ఆయన పేరు ఉండనక్కర్లేదు.