కొట్టు మునిగితే కౌంటర్ దగ్గరున్నవాళ్లదా తప్పు?

భీమవరం నుంచి అమలాపురం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఓ పోస్టు తెగ తిరుగుతోంది. సగం ఖాళీగా ఉన్న సూపర్‌మార్కెట్ ఫొటో, దాని కింద తీర్పులు. స్టాఫ్ ఇండెంట్ (కావాల్సిన సరుకుకు ఆర్డర్) పెట్టక అరలు ఖాళీ అయ్యాయట. సరుకు లేని చోట పనేముంటుంది, ఫోన్లు చూసుకుంటూ జీతం తీసుకున్నారట. ఉన్న సరుకు వాళ్లే ఇళ్లకు పట్టుకుపోయారట. మిగిలింది ఆన్‌లైన్ మింగేసిందట. ఇంత తెలిసీ మానేయకుండా కూర్చోవడం వాళ్ల తెలివితక్కువతనమట. చైన్ స్టోర్ వెనక గదిలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఇందులో ఒక్కదాన్నీ ఒప్పుకోరు.

"ఇండెంట్ పెట్టకే అరలు ఖాళీ"

చైన్ స్టోర్లలో చాలా సరుకులకు ఇండెంట్ పెట్టేది మనిషి కాదు, కంప్యూటర్. ప్రతి సరుకుకీ కనీస నిల్వ అని ఓ అంకె ఉంటుంది. నిల్వ దాని కిందికి దిగితే ఆర్డర్ దానంతట అదే వెళ్లిపోతుంది. ఆర్డర్ వెళుతుంది, బండి మాత్రం రాదు.

ఎందుకు రాదంటే పాత బిల్లు తేలలేదు కనుక. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి ఇచ్చే డిస్ట్రిబ్యూటర్లు తణుకు, పాలకొల్లు, రావులపాలెం లాంటి ఊళ్ల వ్యాపారులే. చాలామంది కంపెనీకి ముందే డబ్బు కట్టి సరుకు తెచ్చుకుని, కొట్లకు అప్పు మీద ఇస్తారు. వాళ్లకు రావాల్సిన డబ్బు ఎక్కడో హెడ్డాఫీసు నుంచి రావాలి. అది ఆలస్యమైతే ముందు స్కీములు, అంటే కొట్టుకిచ్చే తగ్గింపులు ఆగుతాయి. తర్వాత బాగా అమ్ముడయ్యే సరుకు ఆగుతుంది, ఎందుకంటే లీటరు నూనె ప్యాకెట్లను ఏ కిరాణా కొట్టుకైనా రొక్కానికి ఇచ్చేసుకోవచ్చు. కదలని సరుకు మాత్రం పంపుతారు. "పాత బిల్లు తేలేదాకా బండి దించొద్దన్నారండీ" అని చెప్పి సేల్స్‌మేన్ వెళ్లిపోతే, ఆ మాట కస్టమర్లకు చెప్పే అధికారం కూడా కొట్లో ఎవరికీ ఉండదు. అందుకే దెబ్బతింటున్న దుకాణం అన్నివైపులా సమానంగా ఖాళీ అవదు. రూమ్ ఫ్రెషనర్లు పన్నెండు రకాలుంటాయి, కందిపప్పు ఉండదు. ఈ తేడా గమనిస్తే చాలు, రోగం ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంకో చిక్కు కంప్యూటర్‌లోనే ఉంది. ఒకే ధర ఉన్న అయిదు సబ్బులు, వాసనలు వేరు. బిల్లు వేసేవాళ్లు తొందరలో ఒకటి స్కాన్ చేసి 'అయిదు' అని కొడతారు. ఒక వాసన లెక్కలో మైనస్‌కి పోతుంది, ఇంకోటి అరలో లేకున్నా లెక్కలో ఉన్నట్టే కనిపిస్తుంది. కనీస నిల్వ 4, లెక్కలో 6, అరలో సున్నా. ఇక ఆ సబ్బుకు ఆర్డర్ ఎప్పటికీ వెళ్లదు. దీనికి మందు తెలిసిందే: రోజూ పొద్దున్నే ఖాళీ అరల ముందు నిలబడి, ఒక్కో కోడ్ కొట్టి, తేడా సరిచేయడం. అయితే సరిచేసిన ప్రతిసారీ పుస్తకాల్లో నష్టం తేలుతుంది. కంపెనీ కష్టాల్లో పడగానే స్టోర్ చేతిలోంచి లాగేసుకునే అధికారాల్లో ఇదొకటి. అప్పట్నుంచి ఏరియా మేనేజర్ అనుమతి కోసం మెయిల్ పెట్టి ఎదురుచూడాలి.

దీనికి తోడు, కనీస నిల్వను కంప్యూటర్ పాత అమ్మకాలు చూసి లెక్కగడుతుంది. మూడు వారాలు సరుకు రాకపోతే మూడు వారాలు అమ్మకం సున్నా. 'ఇది ఎవరికీ అక్కర్లేదు' అని ఆ అంకెను ఇంకా తగ్గించేస్తుంది. ఇరవై సరుకుల చీటీతో వచ్చినావిడకు పదమూడు దొరికితే, మిగతా ఏడూ వీధి చివర కొట్లో కొంటుంది. వచ్చే నెల చీటీ మొత్తం అక్కడే.

సంక్రాంతికి ఇది బాగా బయటపడుతుంది. అరిసెలకూ సున్నుండలకూ బెల్లం, నువ్వులు, మినుములు, నూనె డబ్బాలు జనవరి మొదటి వారంలోపు అరల్లో ఉండాలి. భోగి వెళ్లాక వచ్చిన బెల్లం మళ్లీ కదలదు. వానాకాలానికి గోదావరి గాలికి చెమ్మగిల్లి, నీరుకారి, కింది అరలోని ఉప్పు ప్యాకెట్ల మీదికి జారుతుంది.

"సరుకు లేనిచోట పనేముంటుంది?"

నిండుగా ఉన్న కొట్లో కంటే ఖాళీ కొట్లోనే చాకిరీ ఎక్కువ. ఉన్న సరుకును అర అంచుకు లాగి, వరసకు ఒక్కటి చొప్పున నిలబెట్టి, వెనక బోలుగా ఉన్నా ముందు నిండుగా కనిపించేట్టు చెయ్యాలి. దీన్ని ఫేసింగ్ అంటారు. కస్టమర్ రెండు ప్యాకెట్లు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎక్కువ ఖాళీ అయితే నాలుగడుగుల అర పొడవునా ఫినాయిల్ సీసాలే పేర్చమంటారు. అలా పేర్చిన ప్రతిసారీ అంచునున్న ధర చీటీలు మార్చాలి. మార్చకపోతే కౌంటర్ దగ్గర గొడవ.

మామూలుగా అయితే గడువు దగ్గరపడ్డ సరుకును డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుని దాని డబ్బు లెక్కలో సర్దుతాడు. బాకీ ఉన్న కొట్టు సరుకు ముట్టుకోడు. కాబట్టి ప్యాకెట్ ప్యాకెట్టూ తిప్పి తేదీ చూసి, దగ్గరపడ్డవి ముందుకు తెచ్చి, దాటినవి తీసి, రాసి, మూటగట్టి పెట్టాలి. అమ్మకాలు తగ్గినకొద్దీ ఈ పని పెరుగుతుంది. పైగా ఇవన్నీ చేసే మనుషుల సంఖ్య తగ్గుతుంది. మానేసినవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోరు. బిల్లింగ్‌లో ఉన్నమ్మాయే లేచి వెళ్లి బండి దింపించుకుని, జీఆర్‌ఎన్ (దిగిన సరుకుకు రసీదు) వేసి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఆ పది నిమిషాల్లో లైన్లో ఉన్నవాళ్లు తీసే ఫొటోనే బహుశా ఈ పోస్టులోది.

2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. నిలవున్న ప్రతి బ్యాచ్‌కీ కొత్త రేటుతో బిల్లు పడాలి. సరుకు త్వరగా తిరిగే కొట్లో పాత బ్యాచ్‌లు కొద్ది వారాల్లో అయిపోతాయి. కదలని కొట్లో నెలల తరబడి పాత ఎమ్మార్పీకీ బిల్లుకీ తేడా వస్తూనే ఉంటుంది, 'ఇదేంటమ్మా' అన్న ప్రతివాళ్లకూ మొదట్నుంచీ చెప్పాలి.

"స్టాఫే పట్టుకుపోయారు"

ఈ నింద ఎక్కువ బాధపెట్టేది, ఎక్కువ అబద్ధం కూడా. చేతివాటం అస్సలు లేదని కాదు. కానీ ఆడిట్‌లో తేలే తేడాలో అది ఒక పద్దు మాత్రమే.

యాభై కిలోల పప్పు బస్తా విప్పి కిలో ప్యాకెట్లు కడితే యాభై రావు. గోతం బరువుంది, నూకా పొట్టూ ఉన్నాయి, కింద పడ్డ గింజలున్నాయి. ప్యాకెట్‌కి 5 గ్రాములు ఎక్కువ తూచినా బస్తాకు 250 గ్రాములు పోయినట్టే. ఉల్లిపాయలు ఆరి తూకం తగ్గుతాయి. పెస్ట్ కంట్రోల్‌కి డబ్బు కట్టడం ఆపేస్తే పప్పుల్లో పురుగు, అట్టపెట్టెల్లో ఎలకలు. ఏసీ ఆపితే మే నెల ఎండకు చాక్లెట్లు తెల్లబడతాయి. ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. జనరేటర్‌కి డీజిల్ లేక గంటల తరబడి కరెంటు పోతే ఐస్‌క్రీమ్ కరిగి మళ్లీ గడ్డకడుతుంది, లోపల ఇసకలా పలుకులు తేలుతుంది. అది పారెయ్యాల్సిందే.

అన్నిటికంటే పెద్దది స్టోర్ల మధ్య బదిలీ. మూసేసే బ్రాంచి సరుకు మిగతా బ్రాంచీలకు హడావుడిగా లారీల్లో వస్తుంది. చలానాలో 40 పెట్టెలు, దిగినవి 37. సంతకం 40కి పెట్టిస్తే మూడు పెట్టెల లోటు దించుకున్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. దిగినన్నే అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, డ్రైవర్ సంతకం తీసుకుని, చలానా ఫొటో దాచుకోవాలి. సంజాయిషీ అడగకుండా లోటును జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు.

"ఆన్‌లైన్ మింగేసింది"

సుభిక్ష అనే సూపర్‌మార్కెట్ల చైన్ 1997లో చెన్నైలో మొదలై, దేశమంతా 1,600 దాకా దుకాణాలు తెరిచి, 2009లో కుప్పకూలింది. అప్పటికి మన ఊళ్లలో ఫోన్‌లో పప్పు కొన్నవాళ్లెవరు? అప్పుతో విస్తరించి, చేతిలో రొక్కం అయిపోయి ఆగింది. బిగ్ బజార్ స్టోర్లు 2022 ఫిబ్రవరిలో చేతులు మారాయి. అద్దెలు కట్టలేక లీజులు అప్పటికే రిలయన్స్ పేరు మీదికి వెళ్లిపోయాయి. బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్ అదే ఏడాది జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అమెజాన్ పేరు అందులో వినబడినమాట నిజమే, అయితే వాటాల తగాదాలో, పప్పుల పోటీలో కాదు.

మన దగ్గర అసలు పోటీ కిరాణా కొట్టుతో. సార్వా పంట డబ్బులొచ్చేదాకా, చేపల చెరువు పట్టేదాకా ఖాతా రాసుకునే కొట్టు అది. చైన్ స్టోర్ ఖాతా రాయదు. బియ్యం సంగతి సరేసరి, సొంత ధాన్యం ఆడించుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. కొనేవాళ్లకు మిల్లు దగ్గర 26 కిలోల బస్తా దొరుకుతుంది. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడ్డాకే ఆ ఒక్క కిలో బస్తాలోకి ఎక్కింది.

"తెలివుంటే ముందే మానేసేవాళ్లు"

అలా అనేవాళ్లు గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకు కంపెనీ ఇచ్చే సొమ్ము, లెక్క ఒకసారి వేసి చూడాలి. అది రావాలంటే రెగ్యులర్ ఉద్యోగికి అయిదేళ్లు నిండాలి. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 12,000 బేసిక్‌తో ఆరేళ్లు చేసినవాళ్లకు 41,538 రూపాయలు. నాలుగో ఏడు నడుస్తున్నవాళ్లు ఊరికే వదిలేసి వెళ్తారా?

ఉండేవాళ్లు చేయాల్సింది పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకోవడం. జీతంలో కోసిన 12 శాతం, కంపెనీ వాటా వచ్చే నెల 15లోగా జమకావాలి. జీతం చీటీలో కోత కనబడి పాస్‌బుక్‌లో జమ లేకపోతే, చీటీలు దాచిపెట్టి పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లోనో, రాజమహేంద్రవరం పీఎఫ్ కార్యాలయంలోనో ఫిర్యాదు పెట్టాలి. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే బకాయి జీతాలు కోరే ఫారం డి నింపి, ప్రకటనలో ఇచ్చిన గడువులోగా, ఆ ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి పంపాలి. దానికి నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్ కావాలి. ఇవన్నీ కంపెనీ మెయిల్‌లోనే ఉంటే ముందే సొంత మెయిల్‌కి పంపుకోండి. షట్టర్ దించిన రోజున ఆ లాగిన్ కూడా పోతుంది.