ఓట్ గారి తుమ్ముకి దక్కాల్సిన గౌరవం

హీరో ఎంట్రీ అనగానే అందరూ ఎవరెవరి పేర్లో చెప్తారు గానీ, నన్నడిగితే 1894 జనవరిలో న్యూజెర్సీలో ఎడిసన్ ల్యాబ్‌లో ఫ్రెడ్ ఓట్ అనే మీసాలాయన తుమ్మాడు చూడండీ, అదీ ఎంట్రీ అంటే. సినిమా మొత్తం అయిదు సెకన్లు. ముక్కుపొడుం పీల్చాడు, తుమ్మాడు, అయిపోయింది. ఇంటర్వెల్ లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు, హీరో చెల్లెలి పెళ్లి అసలే లేదు.

ఇక నటన. చెయ్యి ముక్కు దగ్గరకెళ్తుంది, తల వెనక్కి వాలుతుంది, మొహమంతా నలుగుతుంది, వస్తుందా రాదా అని ఒక్క క్షణం సస్పెన్స్, ఆ తర్వాత మనిషి మొత్తం ముందుకి ఊగిపోతాడు. మూకీ కాబట్టి సౌండ్ లేదు, అయినా చూసేవాడు మొహం పక్కకి తిప్పుకుంటాడు, ఇంక డీటీఎస్ ఎందుకండీ.

అసలీ ఐడియా బార్నెట్ ఫిలిప్స్ అనే పత్రికాయనది. హార్పర్స్ వీక్లీలో వ్యాసానికి బొమ్మలు కావాలి, చూడ్డానికి బావుండే కుర్రవాళ్లెవరితోనైనా తుమ్మించండి బాబూ అని ఉత్తరం రాశాడు. డైరెక్టర్ డిక్సన్ ఏం చేశాడు, ల్యాబ్‌లో పనిచేసే ఓట్‌నే తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. మనవాళ్లుండగా బయటివాళ్లెందుకు అనే మహా సంప్రదాయానికి అక్కడే కొబ్బరికాయ కొట్టారన్నమాట. స్టూడియో అంటే నల్లటి తారు కాగితం కప్పిన షెడ్డు, ఎండ ఎటుంటే అటు తిప్పుకునేవాళ్లు (ఇప్పుడైతే హీరో వచ్చేదాకా సూర్యుడే వెయిట్ చెయ్యాలి).

ఇంకో గొప్ప విషయం, అప్పట్లో దీన్ని సినిమాగా జనానికి వెయ్యనే లేదు, పత్రికలో స్టిల్స్ మాత్రం పడ్డాయి. రిలీజ్ లేకుండా ఉత్త పబ్లిసిటీతోనే చరిత్రకెక్కడం మామూలు విషయమా. జనవరి 9 కల్లా కాపీరైట్‌కి కూడా పంపేశారు, ఆ లెక్కన తర్వాత తుమ్మినవాళ్లందరివీ కాపీలే, అయినా ఎవరిమీదా కేసు వెయ్యలేదు, పెద్దమనసు. 2015లో నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో (భద్రపరచాల్సిన సినిమాలంటూ అమెరికా వాళ్లు రాసుకునే జాబితా) చేర్చారు, అంటే గుర్తింపుకి 121 ఏళ్లు, మన సీనియర్ క్యారెక్టర్ ఆర్టిస్టులు కాస్త ఓపిక పట్టాలి.

బాధ ఒక్కటే. కాపీరైట్‌కి ఇచ్చినవి సినిమాలోని 45 బొమ్మలు, పత్రికలో పడ్డవి 81. అవన్నీ కలిపి ఆడిస్తే తేలిందేంటంటే ఓట్ గారు రెండుసార్లు తుమ్మారు! ఒంటి తుమ్మైతే ఆగాలి, రెండోది పడితే నిక్షేపంగా బయల్దేరచ్చని మనింట్లో ఏ బామ్మనడిగినా చెప్తుంది. అమెరికా వాళ్లేమో తర్వాత దశాబ్దాలపాటు ఆ 45 బొమ్మల ఒంటి తుమ్ము వెర్షనే తిప్పారు, ఆ శకునంతో మొదలైన ఇండస్ట్రీలో నిర్మాతలు మునక్క ఏం చేస్తారు.